రెండోసారి అడిగే మనిషి

పీహెచ్‌సీలో ఓపీ మొదలయ్యేది తొమ్మిదింటికి. ఎనిమిదిన్నరకే వరండా నిండిపోతుంది. ఆ వరసలో నలభై అయిదేళ్ల ఆడమనిషి ఒకావిడ ఉంటుంది. మీరు ఏ మండలంలో, ఏ పీహెచ్‌సీకి వెళ్లి చూసినా ఉంటుంది. తన వంతు వచ్చాక డాక్టరుగారి ముందు స్టూలు మీద కూర్చుని చెప్పుకుపోతుంది. "ఒళ్లంతా నొప్పులండి. నీరసం. కాళ్లు లాగేస్తన్నాయి. ఉండుండి గుండె దడ. తిన్నది ఒంటబట్టట్లేదు. రాత్రి రెండింటికి మెలకువొస్తే ఇంక తెల్లారేదాకా నిద్రుండదు."

డాక్టరుగారికి బయట ఇంకా ఎనభై మంది ఉన్నారు. బీపీ చూస్తారు. కింది కనురెప్ప లాగి రక్తం తక్కువేమోనని చూస్తారు. ఐరన్ మాత్రలు, బీ కాంప్లెక్సు, నొప్పులకొకటి రాసి చీటీ చేతిలో పెడతారు. నెల తిరక్కుండా ఆవిడ మళ్లీ అదే స్టూలు మీద ఉంటుంది. ఈలోగా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండుసార్లు సెలైను కూడా ఎక్కించుకుని ఉంటుంది.

'మనసు బాగోలేదు' అన్న మాట ఆవిడ తనంతట తాను అనదు. ఎవరైనా అడిగితే అంటుంది. తరచు కళ్లనీళ్లతో అంటుంది. అడిగే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో దాదాపు ఇరవై మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడ్డవాళ్లే. అలా బాధపడుతున్న నూరుమందిలో సుమారు 85 మందికి ఏ వైద్యమూ అందడం లేదని అదే సర్వే తేల్చింది. (ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన లెక్క మనకు తెలియదన్నమాట.) ఇంత అంతరం ఉందనగానే అందరూ చెప్పే మాట ఒకటే: సైకియాట్రిస్టులు చాలరు. నిజమే, దేశం మొత్తం మీద లక్ష జనాభాకు ఒక్కరు కూడా లేరు. అయితే రేపటికల్లా జిల్లాకు పదిమందిని తెచ్చి కూర్చోబెట్టినా స్టూలు మీది ఆవిడ వాళ్ల దాకా వెళ్లదు. 'పిచ్చి డాక్టరు' దగ్గరికి వెళ్లిందన్న పేరు మోయడానికి ఆవిడ సిద్ధంగా లేదు. వెళ్లేది పీహెచ్‌సీకే. కాబట్టి వైద్యం అక్కడికే రావాలి.

వస్తే సరిపోతుందా? మా మేనత్త సంగతి చెబుతాను. మావయ్య పోయిన ఏడాదికి ఆవిడ ఇలాగే చిక్కి సగమైంది. ఒక మంచి డాక్టరు, పేరెందుకులెండి, ఓపిగ్గా విని జబ్బు సరిగానే పట్టుకున్నారు. మందూ సరైనదే రాశారు. అత్తయ్య పదిరోజులు వేసుకుంది. నోరెండిపోతోంది, పగలంతా మత్తుగా ఉంది, దిగులు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. "ఈ మాత్రలతో మరీ మొద్దులా అయిపోతున్నానర్రా" అని షీటు తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టేసింది. ఆ గూట్లో అది ఏడాదిన్నర ఉంది. ఆ ఏడాదిన్నరలో ఆసుపత్రి నుంచి ఒక్కరు కూడా "అమ్మా, మందు వేసుకుంటున్నారా?" అని అడగలేదు. మేమూ అడగలేదు, ఆ తప్పు మాదే.

డిప్రెషన్ మందుల స్వభావమే అది. ఇబ్బందులు మొదటి వారంలోనే కనిపిస్తాయి. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. జ్వరం మాత్రలాగా పూటకే తెలిసిపోదు. బాగుపడ్డాక కూడా ఆరునెలలైనా ఆపకూడదు. మొదటి నెలలోనే మానేసేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఎక్కువే. మొదటి మందు అందరికీ పనిచేయదు, మోతాదు పెంచాలి, లేదా మార్చాలి. అంటే మొదటి చీటీతో వైద్యం మొదలైందంతే. తర్వాత జరగాల్సినదంతా రెండో మాట, మూడో మాట మీద ఆధారపడి ఉంటుంది. ఆ రెండో మాట ఎవరడగాలి? ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టినదే బృంద వైద్యం.

సియాటిల్‌లో ఒక పట్టిక

అమెరికాలోని సియాటిల్ నగరం, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం. అక్కడి సైకియాట్రిస్టు వేన్ కేటన్ 1990ల్లో ఒక చిన్న పని చేశారు. రోగుల్ని తన దగ్గరికి పంపమనడం మానేసి, తానే ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్కుకు వెళ్లి వాళ్లతో కలిసి చూడడం మొదలుపెట్టారు. 1995లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మామూలు పద్ధతి కన్నా ఇలా కలిసి చూసినప్పుడు రోగులు మందులు సరిగా వాడారు, ఎక్కువమంది తేరుకున్నారు.

దాన్ని పెద్దయెత్తున పరీక్షించినది యూర్గెన్ ఉన్యూట్సర్. ఆ అధ్యయనం పేరు ఇంపాక్ట్. అయిదు రాష్ట్రాలు, 18 క్లినిక్కులు, అరవై ఏళ్లు దాటిన 1,801 మంది. సగంమందికి మామూలు వైద్యం, సగంమందికి బృందం. 2002 డిసెంబరులో ఫలితం వచ్చింది. ఏడాది తిరిగేసరికి జబ్బు లక్షణాలు సగానికి పైగా తగ్గినవాళ్లు బృందం చూసినవారిలో నూటికి 45 మంది, మామూలు వైద్యంలో 19 మంది. మామూలు వైద్యం పొందినవాళ్లకు మందులు అందకుండా ఎవరూ ఆపలేదని గుర్తుంచుకోవాలి. మందులు అవే, డాక్టర్లు అలాంటివాళ్లే.

మరి తేడా ఎక్కడ? ఆ బృందంలో కేర్ మేనేజర్ అని ఒకరుంటారు. నర్సు కావచ్చు, సైకాలజీ చదివినవాళ్లు కావచ్చు. ఆ మనిషి దగ్గర ఒక పట్టిక ఉంటుంది. అందులో రోగి పేరు, మొదలుపెట్టిన తేదీ, మందు, మోతాదు, పోయినసారి స్కోరు, ఈసారి స్కోరు ఉంటాయి. మొదట్లో కనీసం రెండు వారాలకోసారి మనిషిని చూడడమో ఫోన్ చేయడమో జరగాలి. రోగి రాకపోతే ఆ పేరు పట్టికలో ఎత్తి చూపినట్టు కనపడుతుంది. మందు మానేస్తే ఎందుకు మానేశారో తెలుస్తుంది. నోరెండిపోతుంటే ఏం చేయాలో చెబుతారు. మందు ఇష్టం లేనివాళ్లతో కూర్చుని ఇంట్లో తెగని సమస్యల్ని ఒక్కొక్కటిగా విడదీసి చూసే మాటల వైద్యం చేస్తారు.

డాక్టరు, కేర్ మేనేజరు కాక మూడో మనిషి సైకియాట్రిస్టు. ఆయన చాలామంది రోగుల్ని అసలు చూడరు! వారానికోసారి కేర్ మేనేజరుతో కూర్చుని పట్టిక తిరగేస్తారు. బాగుపడుతున్నవాళ్ల పేర్లు దాటేసి, బాగుపడని పేర్ల దగ్గర ఆగుతారు. 'ఈవిడకు ఎనిమిది వారాలైంది, స్కోరు దిగలేదు, మోతాదు పెంచమని డాక్టరుగారికి చెప్పండి.' 'ఈయన కేసు తికమకగా ఉంది, నేనే చూస్తాను.' ఓపీలో కూర్చుంటే అదే సమయంలో నలుగురైదుగురిని చూడగల మనిషి, ఇలా పదుల మంది వైద్యాన్ని నడిపిస్తారు. సైకియాట్రిస్టులు తక్కువ ఉన్నచోట ఆ తక్కువనే ఎలా సాగదీసుకోవాలో ఇందులో ఉంది.

స్కోరు అన్నాను. అది పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం. గడిచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి పోయిందా, దిగులుగా ఉందా, నిద్ర, అలసట, ఆకలి, నేను పనికిరానన్న భావన, ధ్యాస, నడక మాట మందగించడం, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. మొత్తం 27. పదికి చేరితే పట్టించుకోవాల్సిన స్థాయి. అయిదుకు లోపలికి దింపడం లక్ష్యం. దీన్ని చూసి మొదట నేను పెదవి విరిచాను. దిగులును అంకెల్లో కొలుస్తారా అనిపించింది. తర్వాత తట్టింది, బీపీ ఉన్న మనిషికి 160 అన్న అంకె చెబితే మందు వేసుకుంటాడు, 'కాస్త ఎక్కువుంది' అంటే వేసుకోడు. డాక్టరుకైనా అంతే. అంకె ఎదురుగా ఉంటే 'ఎలా ఉన్నారు?', 'పర్లేదండి' అని రెండు ముక్కలతో తప్పించుకోవడం ఇద్దరికీ కుదరదు.

2012లో కొక్రేన్ సమీక్ష ఇలాంటి 79 పరీక్షల్ని, వాటిలోని 24 వేల పైచిలుకు మందిని ఒకచోట చేర్చి చూసింది. బృంద పద్ధతి మామూలు వైద్యం కన్నా మెరుగని తేల్చింది. ఇంత రుజువున్నా అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ ఈ పనికి ప్రత్యేకంగా డబ్బు కట్టడం మొదలుపెట్టింది 2017లోనే. రోగి ఎదురుగా లేనప్పుడు చేసిన ఫోనుకూ, పట్టిక ముందు కూర్చున్న గంటకూ బిల్లు ఏ పద్దు కింద వేయాలో అప్పటిదాకా వాళ్లకూ తెలియలేదు.

గోవాలో డిగ్రీ చదివిన అమ్మాయిలు

నర్సులూ సైకాలజిస్టులూ ఉన్న దేశం కథ మనకెలా పనికొస్తుందని అడిగితే జవాబు గోవాలో ఉంది. విక్రమ్ పటేల్, ఆయన సహచరులు 1996లో అక్కడ సంగాత్ అనే సంస్థ పెట్టారు. వాళ్లు నడిపిన 'మానస్' పరీక్షలో కేర్ మేనేజరు పని చేసినవాళ్లు డిగ్రీ చదివిన స్థానిక అమ్మాయిలు. మానసిక వైద్యంతో ముందు ఏ పరిచయమూ లేనివాళ్లు. రెండు నెలల శిక్షణ ఇచ్చి క్లినిక్కులో కూర్చోబెట్టారు. అప్పుడప్పుడు వచ్చే సైకియాట్రిస్టు వెనకాల ఉన్నారు.

2010లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాల్లో నన్ను ఎక్కువగా ఆపినది ఒక తేడా. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, రోగనిర్ధారణ జరిగినవాళ్లలో ఆరునెలలకు కోలుకున్నవారు బృందం ఉన్నచోట 65.9 శాతం, లేనిచోట 42.5 శాతం. ప్రైవేటు డాక్టర్ల దగ్గర మాత్రం బృందం ఉన్నా లేకపోయినా తేడా కనపడలేదు. బృందం అక్కడ విఫలమైందని కొందరు చదువుకోవచ్చు. నా చదువు వేరు. వీధి చివర ప్రైవేటు డాక్టరు ఏళ్లుగా ఆ ఇంటిని ఎరిగినవాడు. "మీ అబ్బాయి పెళ్లి కుదిరిందా? పోయినసారి ఇచ్చిన మందు వాడావా?" అని ఆయనే అడుగుతాడు. రెండోసారి అడిగే మనిషి అక్కడ ముందే ఉన్నాడు. ప్రభుత్వ ఓపీలో లేడు. లేనిచోట పెడితే ఫలితం వచ్చింది.

అదే గోవాలో తర్వాత పది పీహెచ్‌సీల్లో తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందితో మరో పరీక్ష జరిగింది. ఇక్కడ కౌన్సెలర్లు నేర్పినది చాలా మామూలుగా కనిపించే విషయం. మనసు బాగుపడ్డాక పనులు చేసుకుందామని మంచమెక్కి కూర్చుంటే మనసు ఇంకా దిగజారుతుంది. ఒంట్లో ఓపిక లేకపోయినా ఒక చిన్న పని పెట్టుకుని చేస్తే, దాని వెనకాల మనసు కాస్త లేస్తుంది. మన ఊరి లెక్కలో చెప్పాలంటే రేపు సాయంత్రం నాలుగింటికి వాకిలి చిమ్మి నీళ్లు చల్లాలి, ఎల్లుండి పక్కింటి వదినతో కలిసి రేషను షాపుకు వెళ్లాలి. కాగితం మీద రాసుకోవాలి, వచ్చే వారం చేశారో లేదో చెప్పాలి. చేయకపోతే ఎందుకు చేయలేకపోయారో మాట్లాడుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది సిటింగులు. రాలేని వాళ్లింటికి కౌన్సెలరే వెళ్లారు. మూడు నెలలకు జబ్బు తగ్గుముఖం పట్టినవాళ్లు 64 శాతం. మామూలు వైద్యంలో 39.

ఇంత మామూలు సలహా మన ఇళ్లలో పెద్దవాళ్లు రోజూ ఇస్తూనే ఉంటారు. "లేచి నాలుగడుగులు వెయ్యవే" అంటారు. తేడా ఏమిటంటే, వాళ్లు ఒకసారి చెప్పి, వినలేదని విసుక్కుంటారు. కౌన్సెలరు విసుక్కోకుండా వారం వారం వస్తుంది.

గోదావరి జిల్లాలో 238 మంది

ఇక మన ఇంటికొద్దాం. పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ బృందం పశ్చిమ గోదావరి జిల్లాలో స్మార్ట్ మెంటల్ హెల్త్ పేరుతో ఒక ప్రయత్నం చేసింది. గిరిజనులుండే 30 గ్రామాలు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చారు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగి, స్కోరు ఎక్కువొచ్చినవాళ్లను పీహెచ్‌సీకి వెళ్లమన్నారు. డాక్టరు ట్యాబ్‌లో ఆ వివరాలు ముందే ఉంటాయి, ఏం చేయాలో దారీ చూపిస్తుంది. మానసిక జబ్బంటే ఉన్న చిన్నచూపు పోగొట్టడానికి నాటకాలు కూడా వేయించారు.

ఆశాలు 5,007 మందిని పలకరించారు. అందులో 238 మందికి సాయం అవసరమని తేలింది. అంతకుముందు ఇలాంటి బాధకు వైద్యం తీసుకున్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు, 0.8 శాతం. మూడు నెలల ప్రయత్నం తర్వాత అది 12.6 శాతానికి చేరింది. పదిహేను రెట్లు! పత్రికలకు శీర్షిక దొరికినట్టే. కానీ 12.6 శాతమంటే 238 మందిలో 30 మంది. 208 మంది గడప దాటలేదు. పొలం పని పోతుంది, ఆటో చార్జీ, మొగుడికి ఏం చెప్పాలి, నాకేమీ కాలేదు. వైద్యుల లెక్కల్లో పడని కారణాలు ఊళ్లో వెయ్యి ఉంటాయి. జబ్బు కనిపెట్టడంతో పని అయిపోదని, కనిపెట్టాక ఆ పేరు వెంట పడే మనిషి ఉండాలని నాకు ఈ 208 చెప్పినంత గట్టిగా ఇంకే అంకె చెప్పలేదు.

పరిశోధకులూ అక్కడ ఆగలేదు. తర్వాతి దశ పరీక్షను ఆంధ్రప్రదేశ్, హర్యానాల్లో కలిపి 44 పీహెచ్‌సీల పరిధిలోని 133 గ్రామాల్లో ఏడాదిపాటు నడిపారు. ఈసారి ఆశా ఫోనులో పేర్లు ట్రాఫిక్ లైట్ల రంగుల్లో కనపడేవి. ఎవరి తలుపు ముందు తట్టాలో రంగే చెబుతుంది. డాక్టరును కలవనివాళ్లు, మందు మానేసినవాళ్లు ముందుకొస్తారు. 2024లో వచ్చిన ఫలితాల్లో, ముప్పు ఎక్కువున్నవాళ్లకు డిప్రెషన్ స్కోరు మామూలు పద్ధతిలో కన్నా బాగా తగ్గింది.

విశాఖపట్నానికీ ఈ కథలో చోటుంది. షుగరుతో పాటు డిప్రెషన్ ఉన్న 404 మందితో దేశంలో నాలుగు మధుమేహ క్లినిక్కుల్లో ఒక పరీక్ష జరిగింది. విశాఖ, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ. షుగరు ఉన్నవాడికి దిగులు పట్టుకుంటే నడక మానేస్తాడు, మాత్ర మరిచిపోతాడు, షుగరు పెరుగుతుంది, పెరిగిన షుగరు చూసి దిగులు ఇంకా పెరుగుతుంది. రెంటినీ ఒకేచోట, ఒకే సమన్వయకర్త చేత చూపించారు. రెండేళ్ల తర్వాత డిప్రెషన్ సగానికి తగ్గి, దాంతోపాటు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్‌లో కనీసం ఒకటైనా మెరుగుపడ్డవాళ్లు బృందం చేతిలో 71.6 శాతం, మామూలు పద్ధతిలో 57.4 శాతం. 2020లో ఇది అచ్చయింది.

డ్యూ లిస్టు

మన దగ్గర ఇది కొత్త ఆలోచన కాదు కూడా. అనంతపురానికి ఆనుకునే ఉన్న బళ్లారి జిల్లాలో నిమ్‌హాన్స్ 1980ల్లోనే పీహెచ్‌సీ డాక్టర్లకూ కార్యకర్తలకూ శిక్షణనిచ్చి చూపించింది. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పుట్టింది. మొదట తీసుకున్న నాలుగు జిల్లాల్లో మెదక్ ఒకటి. ముప్పై ఏళ్లవుతోంది. శిక్షణలు చాలానే జరిగాయి. శిక్షణ పొందిన డాక్టరు బదిలీ అయ్యాక ఆ ఫైలు ఎవరి అల్మారాలో ఉందో కనుక్కోవడమే ఒక పరిశోధన.

కానీ రెండోసారి అడగడం మన వ్యవస్థకు రాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఏ ఏఎన్‌ఎమ్‌నైనా అడగండి, డ్యూ లిస్టు చేతికిస్తుంది. ఏ పాపకు ఏ టీకా ఏ తేదీకి పడాలి, ఏ గర్భిణి ఈ నెల బరువు చూపించుకోలేదు, అన్నీ అందులో ఉంటాయి. బుధవారం నాడు బిడ్డను తీసుకురాకపోతే గురువారం ఆశా మీ గుమ్మంలో ఉంటుంది. టీబీ చూడండి. మందులు అంతకుముందూ ఉన్నాయి, జనం మధ్యలో మానేసేవారు. 1997 నుంచి డాట్స్ కింద ఎదురుగా నిలబడి మాత్ర మింగించడం, మానేసినవాడి పేరు రాసి వెతుక్కుంటూ వెళ్లడం మొదలయ్యాక కదా దారికొచ్చింది. బీపీ, షుగరుకు ఇంటింటి సర్వే రికార్డులు ఇప్పుడు ఉండనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ క్లినిక్కుల్లో, తెలంగాణలో పల్లె దవాఖానాల్లో కూర్చునే మనిషి ఉన్నారు. ఆ రికార్డులో తొమ్మిది ప్రశ్నలకు ఒక గడి, ఆ పేర్లకు ఒక డ్యూ లిస్టు, వారానికోసారి జిల్లా సైకియాట్రిస్టుతో అరగంట వీడియో కాల్. కొత్త భవనం అక్కర్లేదు.

అక్కర్లేనిది భవనమే, డబ్బు మాత్రం కావాలి. ఆశా నెత్తిన ఇప్పటికే ఎన్ని రిజిస్టర్లున్నాయో, ఎన్ని యాప్‌లున్నాయో ఆవిడనే అడగండి. పారితోషికం కోసం ఎన్నిసార్లు రోడ్డెక్కిందో కూడా అడగండి. మానసిక ఆరోగ్యం పేరుతో ఇంకో రిజిస్టరు ఊరికే చేతిలో పెడితే, సాయంత్రం ఇంట్లో కూర్చుని అన్నిటికీ సున్నా అని నింపేస్తుంది. నేనైనా అదే చేస్తాను. దిగులుగా ఉన్న మనిషి పక్కన ఇరవై నిమిషాలు కూర్చోవడం కూడా పనేనని, దానికి కూలి కట్టాలని ప్రభుత్వం ఒప్పుకోవాలి. అమెరికా ఒప్పుకోవడానికి పదిహేనేళ్లు పట్టింది. మనం అంత ఆగనక్కర్లేదు. ఇంకో మాట. తొమ్మిదో ప్రశ్నకు, అంటే చావు ఆలోచనకు, అవునని జవాబొస్తే ఆ రోజే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఆశాకు ముందే తెలిసి ఉండాలి. అది చెప్పకుండా ప్రశ్న మాత్రం అడిగించడం ఆవిడకూ అన్యాయమే.

అత్తయ్య సంగతి మధ్యలో వదిలేశాను. ఏడాదిన్నర తర్వాత మా చెల్లెలు సెలవులకు వెళ్లి, దీపం పెడుతూ గూట్లో షీటు చూసి అడిగింది. మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మందు మార్చారు. ఆ తర్వాత మూడు నెలలు ప్రతి ఆదివారం పొద్దున పదింటికి ఫోన్ చేసి, "అత్తయ్యా, నిద్ర పట్టిందా? మాత్ర వేసుకున్నావా? ఎక్కడికైనా వెళ్లావా?" అని ఈ మూడే అడిగేది. మొదట్లో అత్తయ్య విసుక్కునేది. తర్వాత్తర్వాత పది అయ్యేసరికి ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునేదట.

ఈ ఆదివారం మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఎవరి మందుల షీటైనా దేవుడి గూట్లో ఉందేమో చూడండి. మీకే బాగోలేకపోయినా, ఎవరితో చెప్పుకోవాలో తెలియకపోయినా, టెలి మానస్ నంబరు 14416. ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.